చిన్న తుపాకి, పెద్ద తూటా

రివాల్వరు అనే వస్తువు తెలుగు పాఠకునికి పరిచయమైనది డిటెక్టివు నవలల ద్వారా, చలనచిత్రాల ద్వారా. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధర్ కాలం మొదలుకొని నేటి వెండితెర వరకు కథానాయకులందరూ దానిని అవలీలగా బయటకు తీస్తారు, ఒంటిచేత్తో గురిపెడతారు, పేలుస్తారు. పేలినప్పుడు వారి మణికట్టు చలించదు. చెవులు గింగురుమనవు. అన్నిటికంటె విశేషం, ఆ తుపాకికి బరువున్నట్లే తోచదు. కథలోని వస్తువుకు బరువు ఉండనక్కరలేదు గదా! కాని అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నిజంగా డబ్బిచ్చి రివాల్వరు కొని, నిజంగా నడుమున కట్టుకొని కొండలెక్కే మనిషి అంగడివానిని అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి, "దీని బరువెంత?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు వెదకుతూ అక్కడి తుపాకి నిర్మాతలు గడచిన తొంబై సంవత్సరాలలో చేసిన ప్రయత్నాలు లోహశాస్త్రానికీ, భౌతికశాస్త్రానికీ, మానవస్వభావానికీ కూడ సంబంధించినవి.

అక్కడ రివాల్వరును వెంట ఉంచుకొనేవారు ప్రధానంగా రెండు తెగలు. ఆత్మరక్షణ కోసం పట్టణంలో దుస్తుల మాటున ధరించేవారు ఒక తెగ. చేపల వేటకో, అడవిబాటల నడకకో, గుడారాలలో విడిదికో వెళ్తూ వన్యమృగాలను తలచుకొని ధరించేవారు రెండవ తెగ. మొదటి తెగవారికి తుపాకి చిన్నదిగా ఉండాలి. రెండవ తెగవారికి తూటా పెద్దదిగా ఉండాలి. ఒకే తుపాకితో ఈ రెండు పనులూ నెరవేరాలని కోరేవారు ఈ రెండు తెగలకంటె ఎక్కువమంది. చిక్కంతా వారిదే.

పెద్ద తూటాకు అక్కడ వాడుకలో ఉన్న పేరు 'మాగ్నమ్'. ఇది లాటిన్ మాట. 'గొప్పది' అని అర్థం. మన సంస్కృతంలోని 'మహత్' శబ్దానికి ఇది దాయాది. ఐరోపాలో మామూలు సీసాకు రెట్టింపు ద్రాక్షసారా పట్టే పెద్ద సీసాను మాగ్నమ్ అనేవారు. మామూలుకంటె ఎక్కువ మందు దట్టించిన తూటాకు ఆ సీసా పేరు పెట్టిన ఘనత తుపాకి నిర్మాతలది. సారాకూ తూటాకూ ఒకే పేరు పెట్టడంలో వారు ఉద్దేశించని చమత్కారం ఒకటి లేకపోలేదు: మోతాదు మించితే రెండింటిలోనూ చెయ్యి వణకుతుంది.

చేతి తుపాకులకు ఈ పేరు 1935లో వచ్చింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో స్మిత్ అండ్ వెస్సన్ అనే సంస్థ అప్పటికే ఎనభై ఏండ్లుగా రివాల్వర్లు తయారు చేస్తున్నది. ఆనాడు అమెరికా పోలీసుల చేతులలో ఎక్కువగా కనిపించే తూటా పాయింట్ 38 స్పెషల్. మోటారు కార్లలో పారిపోయే దొంగల మీద అది చాలినంత పని చేయడం లేదన్న అసంతృప్తి 1920ల చివర బలపడింది. కారు తలుపు ఉక్కురేకును చీల్చుకొని పోగల తూటా కావాలన్నారు. ఫిలిప్ షార్ప్, ఎల్మర్ కీత్ వంటి తుపాకి పరిశోధకులు పాత గుల్లలోనే మందు పెంచి ప్రయోగాలు చేశారు. ఆ ప్రయోగాల పుణ్యమా అని పుట్టినదే పాయింట్ 357 మాగ్నమ్. దాని ఇత్తడి గుల్లను 38 గుల్లకంటె సుమారు 3 మిల్లీమీటర్లు పొడవు చేశారు. ఇది శక్తికోసం చేసిన మార్పు కాదు. ఎవరైనా పొరపాటున ఈ కొత్త తూటాను పాత బలహీనపు తుపాకిలో దూర్చకుండా చేసిన ఏర్పాటు. పెద్దది చిన్నదానిలో పట్టదు. చిన్నది పెద్దదానిలో పడుతుంది. అంటే 357 తుపాకిలో 38 తూటాలను నిరభ్యంతరంగా పేల్చవచ్చునన్నమాట. ఈ చిన్న విషయం ముందు ముందు ఎంతో అక్కరకు వస్తుంది.

ఆ మొదటి మాగ్నమ్ రివాల్వరు బరువు గొట్టం పొడవును బట్టి 1,150 గ్రాములనుండి 1,300 గ్రాముల పైవరకు ఉండేది. ఒక్కొక్క తుపాకికి ప్రత్యేకమైన నమోదు సంఖ్య, యోగ్యతాపత్రం ఇచ్చి, కొనేవాని కోరిక ప్రకారం తయారుచేసేవారు. మొట్టమొదటిది కేంద్ర నేరపరిశోధన సంస్థ అధిపతి జె. ఎడ్గార్ హూవర్‌కు బహూకరించబడింది. జనరల్ ప్యాటన్ దంతపు పిడి తొడిగిన ఒకదానిని ధరించేవాడు. నిర్మాతల కుటుంబానికి చెందిన డగ్లస్ వెస్సన్ తన సరకుమీద నమ్మకంతో దానిని పట్టుకొని ఎల్క్, మూస్ వంటి భారీ మృగాలను వేటాడి చూపించాడు. తుపాకి కీర్తి పెరిగింది, బరువు తగ్గలేదు. రోజుకు పది గంటలు నడుమున వేలాడదీసుకొనే కానిస్టేబులుకు కీర్తికంటె బరువే ఎక్కువ తెలుస్తుంది.

అమెరికా సరిహద్దు గస్తీదళంలో పనిచేసిన బిల్ జోర్డన్ ఈ సంగతి ఎరిగినవాడు. మధ్యరకం చట్రంలో, అంటే అంతవరకు 38 తూటాకు వాడుతున్న చట్రంలో, 357ను ఇమిడ్చి తయారుచేయవలసిందని స్మిత్ అండ్ వెస్సన్ అధ్యక్షుడు కార్ల్ హెల్‌స్ట్రామ్‌ను కోరాడు. మేలురకపు ఉక్కుతో, ప్రత్యేకమైన పదునుతో 1955లో ఆ తుపాకి వెలువడింది. తరువాత దానికి 'మోడల్ 19' అని సంఖ్య వచ్చింది. బరువు సుమారు ఒక కిలో. చాలమంది దృష్టిలో ఇప్పటికీ అందానికీ పొందికకూ అదే ప్రమాణం. ఇక్కడ ఒక విచిత్రం గమనించదగినది. తేలిక తుపాకిని అడిగిన జోర్డన్ ఆరున్నర అడుగుల ఆజానుబాహువు, అరచేయి చేటంత. అతని చేతిలో ఒదిగిన ఎదురుతన్ను మామూలు మనిషి చేతిలో ఒదుగుతుందని చెప్పలేము.

పైగా ఆ తేలికతనానికి తుపాకి కూడ మూల్యం చెల్లించింది. మోడల్ 19లో చోటు చాలక గొట్టపు వెనుక అంచును అడుగుభాగాన కొంచెం చదును చేయవలసి వచ్చింది. మాగ్నమ్ తూటాలను, అందులోనూ బరువు తక్కువ గుండ్లున్న వాటిని, వేలకొద్దీ పేల్చిన తుపాకులలో ఆ చదును చేసినచోటనే గొట్టం పగులు తీయడం మొదలుపెట్టింది. అభ్యాసమంతా 38తో చేసి, విధులలో మాత్రం మాగ్నమ్ నింపుకొనేవారి తుపాకులు దశాబ్దాలు నిలిచాయి. 1970లలో పోలీసు శాఖలు, విధిలో ఏది వాడతారో అభ్యాసమూ దానితోనే చేయాలని నియమం పెట్టిన తరువాత లోపం బయటపడింది. 1980 దశకం ఆరంభంలో సంస్థ మళ్ళీ కొంచెం బరువైన చట్రంతో కొత్త తుపాకిని తెచ్చింది. తగ్గించిన బరువును తిరిగి పెంచవలసి వచ్చిన మొదటి సందర్భం అది.

బరువుకూ ఎదురుతన్నుకూ గల సంబంధం ఉన్నత పాఠశాల విద్యార్థికి కొత్త కాదు. న్యూటన్ మహాశయుడు 1687లో ప్రకటించిన మూడవ సూత్రం ప్రకారం గుండు ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతుందో తుపాకి వెనుకకు అంత ద్రవ్యవేగంతో తన్నుతుంది. ఒకే తూటాకు ఈ ద్రవ్యవేగం మారదు. కాని తుపాకి బరువు సగమైతే అది వెనుకకు వచ్చే వేగం రెండింతలవుతుంది. శక్తి, బరువులో సగాన్ని వేగపు వర్గంతో హెచ్చించగా వచ్చేది కనుక, అదీ రెండింతలవుతుంది. 1,200 గ్రాముల తుపాకిలో చేయి ఓర్చుకొన్న తూటానే 340 గ్రాముల తుపాకిలో పెడితే అరచేతిమీద పడే శక్తి మూడున్నర రెట్లు. పిడి సన్ననిదై, పట్టు రెండు వ్రేళ్ళకే పరిమితమైతే ఆ శక్తి పడే వైశాల్యం కూడ తగ్గుతుంది. అప్పుడు కలిగే బాధను అంకెలతో చెప్పడం సాధ్యం కాదు. బొటనవ్రేలి మొదట చర్మం చిట్లినవాడు చెప్పాలి.

ఈ లెక్క తెలిసినా మనుషులు తేలిక తుపాకిని వెదకడం మానలేదు. 1950లో స్మిత్ అండ్ వెస్సన్ అయిదు తూటాల చిన్న రివాల్వరును కొలరాడో స్ప్రింగ్స్‌లో జరిగిన పోలీసు అధిపతుల మహాసభలో ప్రదర్శించింది. దానికి 'చీఫ్స్ స్పెషల్' అని నామకరణం చేసినవారు ఆ అధిపతులే. వెంటనే, 1952లో, అల్యూమినియం చట్రం తొడిగి 'ఎయిర్‌వెయిట్' అన్నారు. అదే కాలంలో అమెరికా వైమానిక దళం, విమానం కూలితే పైలటు దగ్గర ఉండడానికంటూ, చట్రమే గాక తూటాల చక్రం కూడ అల్యూమినియంతో చేసిన రివాల్వర్లను తయారు చేయించింది. చక్రమే పేలుడు జరిగే చోటు. మామూలు 38 తూటాల ఒత్తిడికే అల్యూమినియం తాళలేకపోయింది. బలహీనపు తూటాలు వాడి చూశారు. చివరకు ఆ తుపాకులను ఉపసంహరించి ధ్వంసం చేయించారు. మిగిలిన కొద్దివాటిని నేడు ప్రాచీన వస్తుసేకర్తలు పెద్ద ధరలకు కొంటారు, పేల్చరు.

అల్యూమినియం చేయలేని పనిని చేసిపెట్టినది స్కాండియం. ఈ లోహం కథ తెలుగు, సంస్కృతం చదివిన విద్యార్థికి ఆనందం కలిగించేది. రష్యన్ శాస్త్రవేత్త మెండలీఫ్ మూలకాల పట్టికలో బోరాన్ క్రింద ఒక గడి ఖాళీగా ఉండడం చూసి, అక్కడ ఒక మూలకం ఉండి తీరాలని, దాని లక్షణాలు ఇవి అని 1871లో ఊహించి, దానికి 'ఏక-బోరాన్' అని పేరు పెట్టాడు. ఆ 'ఏక' మన సంస్కృత సంఖ్యావాచకమే. ఎనిమిదేండ్లకు, 1879లో, స్వీడన్ దేశీయుడు నిల్సన్ ఆ మూలకాన్ని కనుగొని స్కాండినేవియా పేరిట స్కాండియం అన్నాడు. దాదాపు నూరేండ్లు దానికి చెప్పుకోదగిన పని దొరకలేదు. అల్యూమినియంలో నూటికి ఒక పాలుకు లోపుగా దీనిని కలిపితే మిశ్రమలోహపు కణాలు సూక్ష్మమై బలం విశేషంగా పెరుగుతుందని తెలిసిన తరువాత సోవియట్ రష్యాలో విమాన నిర్మాణానికి వాడారు. ప్రచ్ఛన్నయుద్ధం ముగిసిన తరువాత అది సైకిలు చట్రాలలోకి, అక్కడనుండి తుపాకులలోకి వచ్చింది.

2000 దశకం ఆరంభంలో స్మిత్ అండ్ వెస్సన్, చట్రానికి స్కాండియం కలిపిన అల్యూమినియం, చక్రానికి టైటానియం, గొట్టం లోపల ఉక్కు పొర అమర్చి 357 మాగ్నమ్ పేల్చగల అయిదు తూటాల రివాల్వరును 340 గ్రాముల లోపు బరువుతో తయారుచేసింది. దాని పేరు 340 పీడీ. చొక్కా జేబులో పెట్టుకొన్నా జేబు సాగదు. 1935 నాటి తుపాకిలో మూడవ వంతుకూడ లేని ఈ వస్తువు అదే తూటాను పేలుస్తుంది! లోహశాస్త్ర విజయంగా దీనిని కీర్తించక తప్పదు. అయితే లోహం ఓర్చుకొన్నదంతా చేయి ఓర్చుకొంటుందా అన్నది వేరే ప్రశ్న.

ఈ తుపాకి గొట్టం మీదనే ఒక హెచ్చరిక చెక్కి ఉంటుంది: 120 గ్రెయిన్లకంటె తక్కువ బరువున్న గుండుతో మాగ్నమ్ తూటాలు వాడరాదని. 120 గ్రెయిన్లంటే ఎనిమిది గ్రాములకు కొంచెం తక్కువ. తేలిక గుండ్ల తూటాలలో మందు ఎక్కువ; ఆ మంట, కాలని మందుపలుకులు టైటానియం చక్రపు ముఖాన్ని కొరికివేస్తాయన్నది కారణం. చట్రం పైకమ్మిని మంట కోయకుండా ఒక చిన్న ఉక్కురేకు కూడ అమర్చి ఉంటుంది. టైటానియం చక్రాన్ని గరుకు పొడులతో తోమితే పైపూత పోతుంది. ఉక్కు తుపాకిని వంటపాత్రవలె వాడుకోవచ్చును. దీనిని కొంచెం గాజుపాత్రవలె చూసుకోవాలి.

హెచ్చరికలు బరువు తక్కువ గుండుతో ముగియవు. బరువు ఎక్కువ గుండుతో మరొక చిక్కు. తుపాకి హఠాత్తుగా వెనుకకు తన్నినప్పుడు చక్రంలో ఇంకా పేలని తూటాల గుల్లలు తుపాకితోపాటు వెనుకకు వస్తాయి. వాటిలోని గుండ్లు జడత్వం వలన ఉన్నచోటనే ఉండబోతాయి. అంటే గుల్లనుండి గుండు కొంచెం కొంచెంగా ముందుకు ఊడి వస్తుంది. బస్సు ఒక్కసారి కదిలినప్పుడు నిలబడిన ప్రయాణికులు వెనుకకు తూలడం వంటిదే ఇది. నాలుగైదు సార్లు పేలేసరికి ఊడివచ్చిన గుండు చక్రం ముందుకు పొడుచుకువచ్చి చట్రానికి అడ్డుపడుతుంది. చక్రం తిరగదు. రివాల్వరు ఎన్నడూ మొరాయించదన్న పేరు ప్రతిష్ఠలు ఆ క్షణంలో అక్కరకు రావు. కనుక తెలిసినవారు చేసే పరీక్ష ఒకటి ఉన్నది. అయిదు తూటాలు నింపి నాలుగు పేల్చి, అయిదవదానిని బయటకు తీసి కొలుస్తారు. మొదట కొలిచిన పొడవుకూ దీనికీ తేడా కనిపిస్తే ఆ రకం తూటా ఆ తుపాకికి పనికిరాదు. ఎంత పేరున్న తూటా అయినా సరే.

మీట సంగతి కూడ చెప్పుకోవాలి. చిన్న తుపాకులలో చాలవాటికి గుర్రం పైకి కనిపించదు. తూటా వెనుక కొట్టే సుత్తిని మన పాత తుపాకివారు గుర్రం అనేవారు. జేబుకు తగులుకోకుండా దానిని చట్రంలోపల దాచారు. అందువలన ప్రతిసారీ మీట నిడివిగా, గట్టిగా లాగవలసి ఉంటుంది. ఆ లాగుడు అయిదు కిలోల బలం వరకు ఉండవచ్చును. తుపాకి బరువు కిలోలో మూడవ వంతు, దానిమీద వ్రేలు వేసే బలం అయిదు కిలోలు! మూతి కదలకుండా ఉండడం ఎంత సాధన అడుగుతుందో ఊహించవచ్చును. రెండంగుళాల గొట్టంలో మందు పూర్తిగా కాలదు. గుండు వేగం తగ్గుతుంది; కాలని మందు బయట మంటగా వెలుగుతుంది. శబ్దం 160 డెసిబెల్స్ దాటుతుంది. చెవులకు రక్షణ లేకుండా ఒక్కసారి విన్నా వినికిడికి శాశ్వతమైన హాని కలుగగల స్థాయి అది.

ఇన్ని కష్టాల పర్యవసానం ఒకటే: తుపాకి కొన్నవాడు దానితో సాధన చేయడు. పది తూటాలు పేల్చి, చేయి దులుపుకొని, ఇంటికి వెళ్ళిపోతాడు. తరువాత అది ఏడాదిపాటు జేబులో ఉంటుంది. తేలిక తుపాకిని సమర్థించేవారు, బరువైనది ఇంట్లో ఉండిపోతుంది, తేలికది వెంట ఉంటుంది గదా, అంటారు. ఆ వాదంలో బలమున్నది. కాని వెంట ఉన్నంతమాత్రాన గురి కుదరదు. తప్పిన గుండు ఎక్కడో ఒకచోట ఆగవలసిందే. అది ఎవరి గోడలోనో, ఎవరి దేహంలోనో ముందుగా చెప్పలేము.

ఈ రెండు వాదాల నడుమ ఉక్కు తుపాకులు ఒక మధ్యేమార్గం చూపుతాయి. 1949లో స్థాపించబడిన రూగర్ సంస్థ 1980ల చివర తెచ్చిన ఎస్పీ 101 అనే రివాల్వరు అయిదు తూటాలది. బరువు సుమారు 735 గ్రాములు. మోటుగా కనిపిస్తుంది. కాని 357 తూటాను అందులో పేల్చి మళ్ళీ పేల్చవచ్చును. అదే సంస్థ 2009లో ప్లాస్టిక్ జాతి పదార్థాన్ని పిడి చట్రానికి వాడి ఎల్సీఆర్ అనే తుపాకిని వెలువరించింది. దానిలో 357 రకం 485 గ్రాములు తూగుతుంది. మీట మృదువుగా కదులుతుందని పేరు. జేబుకు 735 బరువు, చేతికి 340 తేలిక అనుకొనేవారికి ఇది ఒక రాజీ. మాగ్నమ్ జాతిలోనే చిన్నదైన పాయింట్ 327 తూటా కూడ ఆ రోజులలోనే వచ్చింది. ఎదురుతన్ను తక్కువ; పైగా అంతే చక్రంలో అయిదుకు బదులు ఆరు పడతాయి. అది ఎందుచేతనో రావలసినంత ప్రచారంలోకి రాలేదు. అంగళ్ళలో దాని తూటాలు సులభంగా దొరకకపోవడం ఒక కారణం కావచ్చును.

ఇక అరణ్యం మాట. అమెరికాలోని అడవిబాటలన్నీ ఒకటి కావు. నైరుతి రాష్ట్రాల ఎడారి కొండలలో నడిచేవానికి ఎదురుకాగలది గిలకపాము, ఎప్పుడైనా ప్యూమా. తూర్పున అపలాచియన్ కొండలలో నల్ల ఎలుగు. వీటికి 357 చాలునని పెక్కుమంది అభిప్రాయం. మోంటానా, వయోమింగ్, అలాస్కాలలో ఉండే గోధుమరంగు ఎలుగుబంటి వేరే కొలతల జంతువు. అది గంటకు 50 కిలోమీటర్లకు మించిన వేగంతో పరుగెత్తగలదు. ముప్పై మీటర్ల దూరంలో పొదలోనుండి లేచినదంటే మనిషికి ఉన్న వ్యవధి రెండు సెకండ్లు. సాల్మన్ చేపలు నదులలోకి ఎదురెక్కే కాలంలో ఆ చేపలకోసం గాలం వేసే మనిషి, వాటికోసమే వచ్చిన ఎలుగు ఒకే ఒడ్డున నిలబడతారు. మనిషి రెండు చేతులూ గాలపుకర్ర మీద ఉంటాయి. రైఫిలు ఎక్కడో చెట్టుకు ఆనించి ఉంటుంది.

అలాస్కావాసులు వెంట ఉంచుకొనే తుపాకి ఎక్కువగా పాయింట్ 44 మాగ్నమ్. ఎల్మర్ కీత్ పట్టుదల ఫలితంగా 1955 చివర పుట్టిన తూటా అది. దాని మొదటి తుపాకి 1,300 గ్రాములు. 2003లో స్కాండియం చట్రంతో 329 పీడీ వచ్చింది. నాలుగంగుళాల గొట్టం, సుమారు 715 గ్రాములు. మోయడానికి పండుగ, పేల్చడానికి శిక్ష అని దానిని ఎరిగినవారి మాట. దానికి పూర్తిగా విరుద్ధమైన ఆలోచనతో 2005లో రూగర్ 'అలాస్కన్' అనే రివాల్వరును తెచ్చింది. గొట్టం రెండున్నర అంగుళాలే అయినా బరువు 1,250 గ్రాముల పైమాటే. పొడవు తగ్గించి బరువు ఉంచుకొన్న నిర్మాత వివేకాన్ని మెచ్చుకోవాలి. ఎలుగు ముందు రెండవ గుండు అవసరమైతే ఆ బరువే చేతిని నిలబెడుతుంది. అయితే ఆ తుపాకిని నడుమున కట్టుకొంటే మూట పట్టీ అడ్డు వస్తుంది. అందుకని రొమ్ముమీద వాలుగా కట్టుకొనే తోలు ఒరలు ప్రచారంలోకి వచ్చాయి. ఆ ఒర బరువును భుజాలకు పంచుతుంది. తుపాకి బరువు తగ్గించడానికి స్కాండియం వరకు వెళ్ళనక్కరలేదని, మోసే పద్ధతి మార్చినా సరిపోతుందని చెప్పే పరికరమది.

అసలు తుపాకి అవసరమా అని అడిగేవారికి పరిశోధకులు ఇచ్చిన సమాధానం ఆలోచింపదగినది. టామ్ స్మిత్, స్టీఫెన్ హెరెరో ప్రభృతులు అలాస్కాలో ఎలుగులతో జరిగిన ఘర్షణల రికార్డులను పరిశీలించారు. 2008లో వారు ప్రకటించిన వ్యాసం మిరపఘాటు స్ప్రేను గురించి. స్ప్రేను వెంట ఉంచుకొన్నవారిలో నూటికి 98 మంది గాయపడలేదు. 2012లో తుపాకులపై మరొక వ్యాసం వెలువరించారు. 269 ఘటనలు, చేతి తుపాకులు నూటికి 84 సందర్భాలలో, రైఫిళ్ళు 76 సందర్భాలలో ఎలుగును ఆపగలిగాయి. తుపాకి వాడినవారికీ వాడనివారికీ గాయాల విషయంలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదన్నారు. ఈ రెండు వ్యాసాలలోని ఘటనలు ఒకే తరహావి కావు. కుతూహలంతో దగ్గరకు వచ్చిన ఎలుగు వేరు, మీదపడిన ఎలుగు వేరు. కనుక 98ని 84తో పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం తొందరపాటు. అయినప్పటికీ కిలోలో మూడవ వంతు బరువున్న స్ప్రే డబ్బాకు ఎదురుతన్ను లేదని, తొమ్మిది మీటర్ల వరకు మేఘంవలె విస్తరించే దానికి సూటిగురి అక్కరలేదని ఒప్పుకోవాలి. ఎదురుగాలిలో, గుడారంలో మాత్రం దాని ఘాటు తిరిగి మనిషికే చేరుతుంది.

చంపినంతమాత్రాన కథ ముగియదు. అలాస్కాలో ప్రాణరక్షణకై ఎలుగును చంపినవాడు దాని చర్మాన్ని ఒలిచి, గోళ్ళతో, పుర్రెతో సహా ప్రభుత్వానికి అప్పగించాలి. పదిహేను రోజులలో వివరాలు వ్రాసి ఇవ్వాలి. జాతీయ ఉద్యానవనాలలో ఆయా రాష్ట్రాల చట్టాలకు లోబడి తుపాకిని దగ్గర ఉంచుకోవడానికి 2010 ఫిబ్రవరినుండి అనుమతి ఉన్నది. దగ్గర ఉంచుకోవడానికే గాని పేల్చడానికి కాదు.

అమెరికాలో చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళి, సెలవులలో యెల్లోస్టోన్, గ్లేషియర్ వంటి చోట్లకు నడకలకు పోయే తెలుగు యువకులు ఇక్కడ ఒక్క విషయం తెలుసుకొని ఉండాలి. విద్యార్థి వీసామీద, హెచ్-1బీ వంటి తాత్కాలిక ఉద్యోగ వీసామీద ఉన్నవారు తుపాకినిగాని తూటానుగాని కలిగి ఉండడం అక్కడి సమాఖ్య చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు పొందినవారికి మినహాయింపు వంటివి కొద్ది ఉన్నవి. స్నేహితుడు ఇచ్చాడు గదా అని చేతిలో పెట్టుకొన్నంతమాత్రాన వీసా, చదువు, భవిష్యత్తు చేజారవచ్చును. వారికి స్ప్రే డబ్బాయే సరి అయిన తోడు. దానిని విమానంలో తీసుకుపోనివ్వరు కనుక చేరిన ఊళ్ళోనే కొనుక్కోవాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం క్రింద లైసెన్సు లేనిదే ఏ రివాల్వరూ లేదు. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల ఆత్మరక్షణకని టైటానియం మిశ్రమంతో 'నిర్భీక్' అనే అరకిలో రివాల్వరును తయారుచేసింది. తూటా పాయింట్ 32, మాగ్నమ్ కాదు. బరువుకు తగిన తూటాను ఎన్నుకొన్నారనే చెప్పాలి.

అమెరికాలో చట్టప్రకారం కొనదగినవాడు ఎలా ఎన్నుకోవాలి? బల్లమీద వరుసగా పెట్టిన తుపాకులలో చేతికి ఎత్తి చూసినప్పుడు ఎప్పుడూ గెలిచేది తేలికైనదే. ఖాళీ తుపాకి అబద్ధం చెబుతుంది. అందుకని అక్కడి గురిశాలలలో తుపాకిని అద్దెకిచ్చే ఏర్పాటు ఉన్నది. కొనబోయేవాడు తాను మెచ్చిన తేలిక రివాల్వరును, దాని పక్కనే ఒక ఉక్కు రివాల్వరును అద్దెకు తీసుకోవాలి. చెవులకు, కళ్ళకు రక్షణ పెట్టుకొని ముందు 38 తూటాలు పేల్చి చూడాలి. చాలమందికి నిత్యం వెంట ఉండే తుపాకిలో వీటికి మించి అవసరం ఉండదు. మాగ్నమ్ చట్రంలో 38 వాడడం అవమానమేమీ కాదు. ఆ వెసులుబాటు ఆ తూటా పుట్టుకలోనే ఉన్నది. తరువాత అయిదు మాగ్నమ్ తూటాలు నింపి ఏడు మీటర్లనుండి పేల్చాలి. కాగితం మార్చి, విశ్రాంతి తీసుకోకుండా, మరొక అయిదు పేల్చాలి. మొదటి అయిదింటిలో ఉత్సాహం ఉంటుంది. రెండవ అయిదింటిలో, తన్ను ఎక్కడ తగులుతుందో తెలిసిన చేయి, మీట లాగకముందే బిగుసుకొని మూతిని క్రిందికి వంచుతుంది. ఆ రెండవ కాగితం మీద రంధ్రాలు ఎక్కడెక్కడ పడ్డాయో చూసుకొన్న తరువాత పెక్కుమంది 340 గ్రాముల తుపాకిని బల్లమీద పెట్టి, పక్కనున్న ఉక్కు తుపాకిని మరొకసారి చేతిలోకి తీసుకొని, అది పట్టే ఒర ఏది అని అడుగుతారు.